మైనస్ అర మీటరు ఇల్లు

తాటిమెరక పురపాలక సంఘానికి కొత్తగా వచ్చిన కమిషనరు ప్రద్యుమ్న గారికి ఖాళీ అంటే ఇష్టం. ఆయన బల్ల మీద కాగితం ఉండదు. గోడకు క్యాలెండరు ఉండదు. బల్లకు ఎదురుగా మూడు కుర్చీలు ఉండేవి. చేరిన వారంలోనే వాటిని తీయించారు. వచ్చినవాళ్ళు నిలబడి మాట్లాడి త్వరగా వెళ్ళిపోతున్నారని గమనించాక ఆయనకు ఖాళీ మీద గురి ఇంకా పెరిగింది.

ఆ గురిని ఊరికంతటికీ పంచడానికి ఆయన 'శ్వాసించే తాటిమెరక' అనే కార్యక్రమం మొదలుపెట్టారు. దాని ప్రకారం ఊళ్ళో ఎవరు ఇల్లు కట్టుకున్నా ముందు మీటరున్నర, వెనక మీటరున్నర ఖాళీ వదలాలి. ఆ ఖాళీ పేరు సెట్‌బ్యాక్. సెట్‌బ్యాక్‌లో నిలబడి తలెత్తితే ఆకాశం కనిపించాలి. మధ్యలో రేకు గాని, తాటాకు గాని, బరకం గాని, ఆరేసిన చీర గాని అడ్డం రాకూడదు.

స్థలం మరీ చిన్నదైతే ఎలాగని కౌన్సిల్ సమావేశంలో ఒక సభ్యుడు అడిగాడు.

"ఊపిరి తీసుకోవడంలో పెద్దవాళ్ళు చిన్నవాళ్ళు అని ఉండదండి," అన్నారు కమిషనరు.

సభ్యులు బల్లలు చరిచారు. అడిగిన సభ్యుడు కూడా చరిచాడు. తీర్మానం నెగ్గింది.

కళాసుల వీధిలో కడలి రత్నమాణిక్యానికి ఆరు మీటర్ల వెడల్పు, నాలుగున్నర మీటర్ల లోతు ఉన్న స్థలం ఉంది. అందులో ఆమె మామగారు ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కట్టిన పెంకుటిల్లు కిందటి కార్తీకంలో వచ్చిన తుపానుకు పడిపోయింది. అప్పటి నుంచి ఆమె, అత్తగారు అచ్చియ్యమ్మ, ఒక కుట్టుమిషను నీలం బరకం కింద ఉంటున్నారు. భర్త సూరిబాబు లారీ మీద ఒరిస్సా వెళ్తాడు, నెలకు రెండు రోజులు ఇంటికొస్తాడు. రత్నమాణిక్యం చీరలకు ఫాల్స్ కుడుతుంది. ఏ రోజు చూసినా మిషను పక్కన పాతిక ముప్ఫై చీరలుంటాయి. తడిస్తే పాడయ్యేవి ఆమె చీరలు కావు, ఊళ్ళోవాళ్ళ చీరలు.

మే నెల మొదటి వారంలో టౌన్ ప్లానింగ్ అధికారి శేషగిరి ఇద్దరు మనుషులతో వచ్చి ఆ బరకం విప్పించాడు.

"ఇది సెట్‌బ్యాక్ అమ్మా. పైన ఏమీ ఉండకూడదు," అన్నాడు.

"ఇల్లే లేదు కదండి. సెట్‌బ్యాక్ ఎక్కడ్నుంచి వచ్చింది?" అంది రత్నమాణిక్యం.

"ఇల్లు కట్టినా కట్టకపోయినా సెట్‌బ్యాక్ ఉంటుంది. అది స్థలంతో పాటే పుడుతుంది."

"నేను కాపరానికొచ్చినప్పటికి పుట్టలేదు నాయనా," అంది అచ్చియ్యమ్మ. "ఈమధ్యే పుట్టినట్టుంది."

శేషగిరి చెడ్డవాడు కాదు. బరకాన్ని తనే నాలుగు మడతలు పెట్టి రసీదు రాసిచ్చాడు. అందులో 'స్వాధీనపరచుకొనిన వస్తువు: నీలం బరకం, ఒకటి. చిల్లులు: మూడు' అని ఉంది. పద్ధతిగా అనుమతి తీసుకుని ఇల్లు కట్టుకుంటే ఇక తమ కార్యాలయం నుంచి ఎవరూ రారని కూడా చెప్పాడు.

"మృగశిర ఎప్పుడొస్తాదండి?" అని అడిగింది రత్నమాణిక్యం.

"జూన్ ఎనిమిదినమ్మా."

"ఈ లోపల అయిపోద్దాండి?"

"నియమాల ప్రకారం ఉంటే పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. ఇప్పుడంతా ఆన్‌లైనే," అన్నాడు శేషగిరి.

ప్లాన్లు గీసే లైసెన్సు ఉన్న చక్రధర్ టేపు పట్టుకొచ్చి కొలిచాడు. స్థలం లోతు నాలుగున్నర మీటర్లు. కళాసుల వీధిని వెడల్పు చేయాలని మాస్టర్ ప్లాన్‌లో ఉంది కాబట్టి అందులో రెండు మీటర్లు రోడ్డుకు పోతుంది. ఆ హద్దు తెలిసేలా ఎర్ర రంగు గుర్తు గోడ మీద వేయాలి. గోడ లేనందువల్ల కార్యాలయం వాళ్ళు అచ్చియ్యమ్మ రోలు మీద వేసి వెళ్ళారు. ఇక మిగిలింది రెండున్నర. అందులో ముందు మీటరున్నర, వెనక మీటరున్నర వదలాలి.

చక్రధర్ రెండుసార్లు కూడి, రెండుసార్లు తీసేశాడు.

"ఎంత మిగిలింది బాబూ?" అంది రత్నమాణిక్యం.

"మైనస్ అర మీటరండి."

"అంటే?"

"అంటే ఏమీ మిగల్లేదండి. ఏమీ మిగలకపోగా ఇంకో అర మీటరు మనమే బాకీ. ముందు గోడ గీయాల్సిన చోటు వెనక్కి పోయింది, వెనక గోడ గీయాల్సిన చోటు ముందుకొచ్చింది. రెండూ ఒకదాన్నొకటి దాటేసుకున్నాయండి."

"నువ్వు గీస్తే కంప్యూటరు ఏమంటాది?"

"ఇలాంటిది ఎవరూ గీయలేదండి."

రత్నమాణిక్యం మిషను వైపు చూసింది. మీద ఒక పరదా కప్పి ఉంది. దాని మీద ఎండ పడుతోంది.

"రూలు ముందు గోడ ఎక్కడ ఉండాలంటే అక్కడ గీయి. వెనక గోడ ఎక్కడ ఉండాలంటే అక్కడ గీయి. మనం రూలు తప్పితే కదా తప్పు. గోడలు గోడలు ఏం చేసుకుంటే మనకెందుకు?"

చక్రధర్ గీశాడు. ఆరు మీటర్ల వెడల్పు, మైనస్ అర మీటరు లోతు, మూడు మీటర్ల ఎత్తు. విస్తీర్ణం మైనస్ మూడు చదరపు మీటర్లు. రోడ్డుకు పోగా మిగిలిన స్థలంలో ఇల్లు ఆక్రమించే భాగం మైనస్ ఇరవై శాతం. మధ్యాహ్నం పన్నెండు గంటల నాలుగు నిమిషాలకు పంపాడు.

కార్యాలయం కంప్యూటరు ఏ ప్లానునైనా నియమాలతో పోల్చి చూస్తుంది. ఇల్లు స్థలంలో అరవై శాతానికి మించకూడదని నియమం. మైనస్ ఇరవై అరవైకి మించదు. పచ్చ టిక్కు పడింది. ఎత్తు పది మీటర్లకు మించకూడదు. మించలేదు. ముందు ఖాళీ సరిపోయింది, వెనక ఖాళీ సరిపోయింది. సున్నాకు తగ్గకూడదని ఎక్కడా లేదు. ఎందుకంటే సున్నాకు తగ్గించి ఇల్లు కట్టుకునేవాళ్ళుంటారని ఆ నియమాలు రాసినవాళ్ళకు తోచలేదు. పన్నెండు గంటల పదిహేను నిమిషాలకు రత్నమాణిక్యం ఫోనుకు సందేశం వచ్చింది. 'మీ కలల గృహానికి అనుమతి మంజూరైనది. షరతులు: ఆరుబయలు ప్రదేశమున రెండు మొక్కలు నాటవలెను.'

మర్నాడు శేషగిరి ఆ కాగితం చూసి కమిషనరు గదికి వెళ్ళాడు. కుర్చీ లేదు కాబట్టి నిలబడే చెప్పాడు.

"సార్, ఒక ఫైలు తమరి దృష్టికి తేవలసి వచ్చింది. ఇంటి లోతు మైనస్ వచ్చింది. ఎక్కడో పొరపాటు జరిగినట్టుంది."

"ఏ రంగు వచ్చింది?"

"పచ్చే వచ్చింది సార్."

"పొరపాటైతే పచ్చగా ఎందుకొస్తుంది శేషగిరి గారూ?"

 కమిషనరు ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకున్నారు. ఆయన ఒక కాగితాన్ని ఐదు నిమిషాలు పట్టుకోవడం శేషగిరి అదే మొదటిసారి చూడటం.

"మైనస్ ఇరవై శాతం," అన్నారు కమిషనరు. "రాష్ట్రంలో అతి తక్కువ స్థలాన్ని ఆక్రమించిన ఇల్లు ఎంతో తెలుసా? ముప్ఫై ఒకటి. దాని ఫొటో వేసి పుస్తకం అచ్చేశారు. మన దగ్గర ఏకంగా మైనస్ ఇరవై. ఇంతవరకూ ఇల్లు కట్టినవాడు నేలను తీసుకున్నాడు. ఈవిడ నేలకు ఇస్తోంది."

"కానీ సార్, కట్టడం ఎలాగ?"

"ప్లాన్ ప్రకారం. ఒక్క సెంటీమీటరు అటూ ఇటూ కాకూడదు. మీరే దగ్గరుండి కట్టించండి. బహుమతి కోసం రాష్ట్ర కమిటీకి రాస్తాను. వాళ్ళొచ్చి చూస్తారు."

ఆ విధంగా రత్నమాణిక్యం ఇంటి పని మే ఇరవైన పురపాలక సంఘం పర్యవేక్షణలో మొదలైంది. నూకరాజు మేస్త్రి మూడు రోజుల్లో రెండు గోడలు లేపాడు. ఒక్కొక్కటి ఆరు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు. రెండింటి మధ్య అర మీటరు సందు. వీధి వైపున్నది వెనక గోడ. దాని వెనకున్నది ముందు గోడ. రెంటికీ ఎదురెదురుగా ఒక్కో గుమ్మం.

ప్లాస్టరింగు రోజున నూకరాజు తాపీ పక్కన పెట్టి శేషగిరి దగ్గరికొచ్చాడు.

"అయ్యా, లప్పం ఎటు పెట్టమంటారు?"

"లోపలి వైపు పెట్టాలి కదా. బయటికి లప్పం ఎందుకు?"

"అదేనండి. లోపలేదో చెప్తే పెట్టేస్తాను."

శేషగిరి సందు వైపు చూశాడు. వీధి వైపు చూశాడు. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆయన నిబంధనల పుస్తకం తెప్పించుకుని, రోలు మీద కూర్చుని, గంటసేపు చదివి, ఫైలులో నోట్ రాశాడు. అది ఇప్పటికీ ఆ ఫైలులో ఉంది.

'ముందు గోడ యొక్క బయటి ముఖము వీధివైపు ఉండవలెను. వెనక గోడ యొక్క బయటి ముఖము పెరడువైపు ఉండవలెను. ప్రస్తుత కట్టడమునందు సదరు రెండు ముఖములూ ఒకదానికొకటి ఎదురెదురుగా ఉన్నవి. కావున ఈ గృహమునకు బయట అనగా రెండు గోడల మధ్యనున్న అర మీటరు. తక్కినదంతయూ లోపల.'

నూకరాజుకు అది చదివి వినిపించారు. అతను అప్పుడు వీధి మధ్యలో బీడీ కాలుస్తూ నిలబడి ఉన్నాడు.

"అంటే ఇప్పుడు నేను ఎక్కడున్నట్టండి?"

"లోపల," అన్నాడు శేషగిరి.

నూకరాజు బీడీ ఆర్పేశాడు. ఆడవాళ్ళున్న ఇంట్లో కాల్చడం అతనికి అలవాటు లేదు.

లప్పం వీధివైపూ పెరటివైపూ పెట్టారు. సందులో గరుకు ప్లాస్టరింగు చేశారు. షరతు ప్రకారం ఆరుబయట నాటాల్సిన రెండు మొక్కలూ ఆ సందులోనే నాటారు. ఒకటి కరివేపాకు, రెండోది గోరింట. వీధివైపు గోడకు అచ్చియ్యమ్మ ఒక మేకు కొట్టించి భర్త ఫొటో తగిలించింది. అటుగా పోయే రిక్షావాళ్ళు దాన్ని చూసి దణ్ణం పెట్టుకుని వెళ్ళేవారు.

ఇల్లు పూర్తయిందని కబురందగానే రెవెన్యూ విభాగం నుంచి ఒక ఉద్యోగి లోపలి విస్తీర్ణం కొలవడానికి వచ్చాడు. గోడ దగ్గర టేపు మొదలుపెట్టి వీధి దాటాడు. ఎదుటి ఇంటి అరుగు ఎక్కి, వాళ్ళ వంటగది మీదుగా పెరట్లోకి దిగి, చేపల మార్కెట్టు దాటి, కాలవ గట్టుకు చేరాడు. అతని నివేదిక క్లుప్తంగా ఉంది. 'కాలువ వరకు కొలవడమైనది. లోపల ఇంకనూ కలదు. ఆపైన కొలుచుటకు పడవ కావలెను.' పడవ కోసం పెట్టిన అర్జీ మీద ఇంకా నిర్ణయం కాలేదు.

అతను దాటి వెళ్ళిన వంటగది భాస్కరరామం గారిది. ఆయన తాలూకాఫీసులో హెడ్డుగుమాస్తాగా చేసి రిటైరయ్యారు. తన వంటగదిలోంచి ప్రభుత్వ టేపు ఎందుకు వెళ్ళిందో విచారించి, విషయం తెలుసుకుని, కార్యాలయానికి అర్జీ పెట్టారు. అందులో రెండు ప్రశ్నలున్నాయి. ఒకటి, తాను రోజూ పొద్దున్నే నడుస్తున్నది ఎవరింట్లో? రెండు, తన ఇల్లు ఆమె ఇంటి లోపల ఉన్నప్పుడు తన ఇంటి లోపల ఎవరిది?

నాలుగు రోజుల్లో జవాబు వచ్చింది. 'తమరి గృహము సదరు గృహము లోపలనున్నప్పటికినీ తమరి గృహము లోపలి భాగము తమరిదేనని తెలియజేయడమైనది. నడక విషయమై సదరు యజమానురాలి సమ్మతి పొందగలరు.'

భాస్కరరామం గారు సర్కారు ఉత్తరం అంటే గౌరవం ఉన్న మనిషి. మర్నాడు పొద్దున్నే చేతికర్రతో వచ్చి గోడ ముందు నిలబడ్డారు.

"అమ్మాయ్, మీ ఇంట్లో కాసేపు నడవచ్చా?"

"అయ్యో, అదేం మాట బాబాయి గారూ. నడవండి," అంది రత్నమాణిక్యం.

"ఎడం పక్కన నడు," అంది అచ్చియ్యమ్మ. "మధ్యలో ఒడియాలు పెట్టాం. తొక్కేవు."

"వీధిలో ఒడియాలేంటి వదిన గారూ?"

"వీధేంటయ్యా? ఇల్లు. కాయితం నీకే కదా వచ్చింది."

భాస్కరరామం గారు ఎడం పక్కన నడిచారు.

ఇంత జరిగినా రత్నమాణిక్యానికి కప్పు లేదు. రెండు గోడలు మాత్రమే ఉన్నాయి. జూన్ నాలుగో తేదీకి ఎండ తగ్గి, సాయంత్రాలు తూర్పున మబ్బు పడుతోంది. చీరలు భాస్కరరామం గారి ఇంట్లో పెట్టి, కుట్టాల్సినవి రోజుకు ఐదు తెచ్చుకుంటోంది. మిషను మాత్రం ఎవరింటి గుమ్మంలోనూ పట్టలేదు.

ఐదో తేదీన శేషగిరి మొక్కలు బతికాయో లేదో చూడటానికి వచ్చాడు. రత్నమాణిక్యం ఆయనకు మజ్జిగ ఇచ్చింది.

"ఒక మాట అడుగుతానండి. ఏమీ అనుకోకండి. ఆకాశం కనపడాల్సింది ఎక్కడండి?"

"సెట్‌బ్యాక్‌లోనమ్మా. అంటే ఆరుబయట."

"ఆరుబయటంటే ఆ సందే కదండి?"

"అదే."

"దాని మీద నేనేమీ వెయ్యను. ఒట్టు. మరి ఇంటి లోపల ఏదన్నా అమర్చుకోవాలంటే మళ్ళీ మీ దగ్గరికి రావాలాండి?"

శేషగిరికి ఈ నియమం కంఠతా వచ్చు. "భవనము లోపల చేయు మరమ్మతులకు గాని, అమరికలకు గాని అనుమతి అవసరం లేదు," అన్నాడు.

"అది కొంచెం కాయితం మీద రాసిస్తారాండి? నాకు మతిమరుపు."

మజ్జిగ గ్లాసు పక్కన పెట్టి శేషగిరి రాసిచ్చాడు. సంతకం కింద ముద్ర కూడా వేశాడు. తను రాసింది ఏమిటో ఆయనకు భోజనాలవేళ పెరుగన్నం దగ్గర అర్థమైంది. భార్య ఏమైందని అడిగితే ఏమీ లేదన్నాడు.

ఆరో తేదీన సూరిబాబు లారీ మీద రేకులు తెచ్చాడు. నూకరాజు, సూరిబాబు కలిసి రెండు రోజుల్లో వేసేశారు. వీధివైపు గోడ నుంచి ముందుకు మూడు మీటర్లు. పెరటివైపు గోడ నుంచి వెనక్కి ఒక మీటరు. చుట్టూ తడికలు. మధ్యలో అర మీటరు సందు ఆకాశానికి వదిలేశారు. అచ్చియ్యమ్మ వీధివైపు గుమ్మంలోంచి సందులోకి, సందులోంచి వెనక గదిలోకి నడిచి చూసింది. తలెత్తితే మబ్బు కనిపించింది.

"మండువా ఇల్లు కట్టారే," అంది. "మా పుట్టింట్లో కూడా మండువా లేదు."

రాష్ట్ర కమిటీ తరఫున ఆర్కిటెక్చర్ ప్రొఫెసర్ హిమజ గారు తొమ్మిదో తేదీన వచ్చారు. ఆవిడ చేతిలో మూడు పేజీల ఫారం ఉంది. కమిషనరు, శేషగిరి ఆవిడను వెంటబెట్టుకుని కళాసుల వీధిలోకి నడిచి వచ్చారు. దారి పొడవునా కమిషనరు ఖాళీ గురించి మాట్లాడారు. వీధి మలుపు తిరిగాక మాట ఆపేశారు.

ఆయన ఎదురుగా రేకుల ఇల్లు ఉంది. అది వీధి అంచు దాకా ఉంది. అందులోంచి కుట్టుమిషను చప్పుడు వస్తోంది.

"శేషగిరి గారూ, ఇదేమిటి?"

"అమరిక సార్," అన్నాడు శేషగిరి.

"సెట్‌బ్యాక్ మొత్తం కప్పేశారు. ఆకాశం ఏదీ?"

"సందులో ఉంది సార్. అర మీటరు."

రత్నమాణిక్యం మిషను ఆపి వచ్చి దణ్ణం పెట్టింది. శేషగిరి రాసిచ్చిన కాగితమూ, లోపలా బయటా తేల్చిన ఆయన నోట్ నకలూ ప్రొఫెసర్ చేతికిచ్చింది. ఆవిడ నిలబడి చదివారు. రెండోసారి చదివారు.

"నాకొక సందేహం కమిషనరు గారూ," అన్నారు. "మా ఫారంలో మొదటి ప్రశ్న ఇదే. ఈ ఇంటికి బయట ఏది, లోపల ఏది?"

కమిషనరు చిక్కు వెంటనే గ్రహించారు. రేకుల కింద ఉన్నది బయట అంటే ఆక్రమణ అవుతుంది. ఈ క్షణమే పడగొట్టించవచ్చు. కానీ అది బయట అయితే గోడలు మామూలు గోడలైపోతాయి, ఇంటి లోతు ప్లస్ అర మీటరవుతుంది, మైనస్ ఇరవై శాతం ఉండదు. లోపల అంటే మైనస్ ఇరవై నిలుస్తుంది, రేకులు కూడా నిలుస్తాయి.

ఆయన నియమాల మనిషి. బహుమతి కన్నా సెట్‌బ్యాక్ ముఖ్యమనుకున్నారు. ఆ మాట ఆయన పక్షాన చెప్పుకోవాలి.

"ఇది ఆక్రమణే మేడమ్. ఇప్పుడే నోటీసు ఇస్తాం. ఇరవైనాలుగు గంటల్లో రేకులు తొలగిస్తాం. శేషగిరి గారూ, రాయండి."

రత్నమాణిక్యం మిషను దగ్గరికి వెళ్ళి, చీరలన్నీ ఒక దుప్పట్లో వేసి మూట కట్టసాగింది.

"కట్టకే. ఇంకా రాస్తన్నాడు కదా," అంది అచ్చియ్యమ్మ.

"ఎలాగూ కట్టాలి కదత్తా."

శేషగిరి రాశాడు. కమిషనరు సంతకం పెట్టారు. నోటీసు యజమాని చేతికివ్వడమే కాక ఒక ప్రతిని ఇంటి గోడకు బయటివైపు అంటించాలని నియమం. శేషగిరి సంచిలోంచి బంక సీసా తీశాడు. వీధివైపు గోడ దగ్గరికి వెళ్ళి, అచ్చియ్యమ్మ భర్త ఫొటో పక్కన చెయ్యి పెట్టి, ఆగిపోయాడు. ఆ గోడ ముఖం లోపలిదని రాసింది తనే. నోటీసు లోపల అంటిస్తే చెల్లదు. చెల్లని నోటీసు మీద చర్య తీసుకుంటే రేపు కోర్టులో సంజాయిషీ చెప్పుకోవాల్సింది తనే.

ఆయన గుమ్మం దాటి సందులోకి దూరాడు. శేషగిరిది కొంచెం లావు శరీరం. అర మీటరు సందులో పక్కకు తిరిగి, కరివేపాకు మొక్క కాళ్ళ మధ్య పడకుండా చూసుకుంటూ, ఎదుటి గోడకు కాగితం ఆనించి బంక రాయసాగాడు.

అప్పుడే వాన మొదలైంది.

మృగశిర మొదటి వాన చినుకులతో ఆరంభం కాలేదు. రేకుల మీద కంకర కుమ్మరించినట్టు పడింది. వీధిలో నిలబడ్డ కమిషనరు, ప్రొఫెసర్ గబగబా రేకుల కిందికి వచ్చారు. భాస్కరరామం గారు కూడా చేతికర్రతో వచ్చి చేరారు. రత్నమాణిక్యం మిషనును గోడవైపు జరిపి వాళ్ళకు చోటిచ్చింది. రెండు నిమిషాల్లో వీధి కాలవలా పారింది. రేకుల కింద నేల పొడిగా ఉంది.

గుమ్మంలోంచి శేషగిరి కనిపిస్తున్నాడు. నెత్తి మీద నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఒక చేత్తో నోటీసును గోడకు అదిమి పట్టుకున్నాడు. అది పైనుంచి కిందికి జారుతోంది. ఆయన పైకి తోస్తున్నాడు. అది మళ్ళీ జారుతోంది. అక్షరాలు నీలంగా కారుతున్నాయి.

కమిషనరు కాసేపు చూశారు. శేషగిరి వచ్చే ఏడాది రిటైరవుతాడు, బీపీ ఉంది, కిందటి నెలే ఆసుపత్రికి వెళ్ళివచ్చాడు. ఇవన్నీ కమిషనరుకు తెలుసు.

"శేషగిరి గారూ," అని కేకేశారు. "బయట వానలో ఏమిటండీ అలా నిలబడ్డారు? లోపలికి రండి."

 ప్రొఫెసర్ హిమజ గారు ఫారం తీసి, మొదటి ప్రశ్న ఎదురుగా రెండు పంక్తులు రాశారు.

"మీరన్నదే రాశాను కమిషనరు గారూ," అన్నారు. "కింద మీ సంతకం కావాలి."

కమిషనరు ఆ రెండు పంక్తులూ చదివారు. వీధి వైపు చూశారు. శేషగిరి గుమ్మం దాటి వచ్చి నిలబడ్డాడు. ఆయన చేతిలో నోటీసు ముద్దలా ఉంది. రత్నమాణిక్యం తువ్వాలు తెచ్చి ఇచ్చింది.

"తల తుడుచుకోండి బాబూ. జలుబు చేస్తాది."

"అంటుకోలేదు సార్," అన్నాడు శేషగిరి. "పొద్దున్నే మళ్ళీ వచ్చి అంటిస్తాను."

"వద్దులెండి," అన్నారు కమిషనరు.

ఆయన పెన్ను తీశారు. రాయడానికి చోటు కోసం చూస్తే కుట్టుమిషను బల్ల ఒక్కటే కనిపించింది. రత్నమాణిక్యం దాని మీదున్న చీర తీసి, చేత్తో తుడిచింది. ఆయన దాని మీద ఫారం పెట్టి సంతకం చేశారు. ఆమె కట్టిన మూట విప్పి, చీరలు ఒక్కొక్కటిగా తీసి పక్కన పెట్టుకుంది.

అచ్చియ్యమ్మ గోడకు ఆనుకుని కూర్చుని అంతా చూస్తోంది. ఆవిడ చూపు కమిషనరు మొహం మీద నుంచి దిగి ఆయన కాళ్ళ దగ్గర ఆగింది.

"బాబూ," అంది, "ఇంట్లోకొచ్చాక ఆ బూట్లేంటి?"

ప్రద్యుమ్న గారు గోడ పట్టుకుని వంగి, లేసులు విప్పుకున్నారు.